మింట్ వేశాక వైఫై మాటిమాటికీ ఆగిపోతోంది, అదే గదిలో ఫోన్‌కి మాత్రం ఏమీ కాదు

గాజువాక_టీచరమ్మ
2025 అక్టోబరు 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి. నా పాత ల్యాప్‌టాప్‌కి 11 ఎక్కదన్నారు. అందుకని మా మేనల్లుడు లైనక్స్ మింట్ 22 వేసి ఇచ్చాడు. మిషన్ ఇదివరకటి కంటే చురుగ్గా ఉంది, అందులో వంక పెట్టను. వైఫై మాత్రం ప్రాణం తీస్తోంది. సాయంత్రం పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను. త్రికోణమితి లెక్క సగంలో ఉండగా బొమ్మ ఆగిపోతుంది. కింద వైఫై గుర్తు చూస్తే గీతలన్నీ నిండుగానే ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. అదే టేబుల్ మీద ఉన్న ఫోన్‌లో ఒక్కసారి కూడా ఆగదు. "మేడమ్, మీరు ఫ్రీజ్ అయ్యారు" అని పిల్లలు గ్రూపులో పెడుతున్నారు. మేనల్లుడేమో బెంగళూరు వెళ్లిపోయాడు. ఏం చేయాలో కాస్త తెలుగులో చెప్పండి.

ఎంవీపీ_సెక్టార్6
లైనక్స్‌లో వైఫై ఎప్పుడూ ఇంతే అండి. డబ్బు పోతే పోయింది, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని విండోస్‌లోనే ఉండండి. పిల్లల క్లాసు ముఖ్యం కదా.

పెందుర్తి_పెంగ్విన్
"ఎప్పుడూ ఇంతే" అన్నది పదేళ్ల కిందటి మాట. బాగా నడుస్తున్న మిషన్‌ని వైఫై కోసం మూల పడేయడం అన్యాయం.

మేడమ్, ముందు వైఫై చిప్ పేరు కావాలి. అది తెలియకుండా ఎవరేం చెప్పినా చీకట్లో బాణం వేసినట్టే. టెర్మినల్ (ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) తెరిచి ఇన్‌క్సీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, మైనస్ గుర్తు పక్కనే పెద్ద ఎన్ పెట్టి ఎంటర్ నొక్కండి. చిప్ పేరు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అంటే డ్రైవర్ పేరు, రెండూ వస్తాయి. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి.

సీతమ్మధార_సిరి
నాదీ లైనక్స్‌లో వైఫై బాధే. ఏం తేలుతుందో చూస్తూ ఉంటా.

గాజువాక_టీచరమ్మ
రియల్‌టెక్ ఆర్‌టీఎల్8821సీఈ అని ఉంది. డ్రైవర్ అన్నచోట ఆర్‌టీడబ్ల్యూ_8821సీఈ అని ఉంది. ఇది మంచిదా చెడ్డదా?

డాబాగార్డెన్స్_రిపేర్
అడక్కుండా మార్పించేయండి మేడమ్. వెనక మూత తీసి ఇంటెల్ ఏఎక్స్210 వైఫై కార్డు పెడితే సరి. ఎక్కువసేపు పట్టే పని కాదు.

పెందుర్తి_పెంగ్విన్
@డాబాగార్డెన్స్_రిపేర్ అన్నా, అంత తొందరెందుకు? పైసా ఖర్చు లేకుండా చేయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

మేడమ్, మంచీ చెడ్డా అని కాదు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో బాగా కనిపించే చిప్ ఇది. ఒకప్పుడు దీనికి డ్రైవర్ లైనక్స్‌లో ఉండేది కాదు, బయటి నుంచి తెచ్చి ఎక్కించుకునేవాళ్లం. 2019లో కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) 5.2తో ఆర్‌టీడబ్ల్యూ88 అనే కొత్త డ్రైవర్ వచ్చింది. తర్వాత 8821సీఈ కూడా అందులో కలిసింది. మింట్ 22లో కెర్నల్ 6.8, కాబట్టి మీకు డ్రైవర్ ముందే ఉంది, పని చేస్తోంది కూడా. దాన్ని సరిగ్గా సెట్ చేసుకోవడమే మిగిలింది.

కంచరపాలెం_కోడర్
లోపల ఉన్న డ్రైవర్ వద్దు మేడమ్. ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్ సైటులో ఇదే చిప్‌కి డీకేఎంఎస్ డ్రైవర్, అంటే మన మిషన్‌లోనే కంపైల్ చేసుకునే బయటి డ్రైవర్ ఉంది, అది వేసుకోండి. మా ఇంట్లో లాక్‌డౌన్ అప్పుడు అదే వేశాం, తర్వాత మళ్లీ చూసుకునే పని పడలేదు.

పెందుర్తి_పెంగ్విన్
@కంచరపాలెం_కోడర్ లాక్‌డౌన్ నాటికి అదే సరైన దారి, కాదనను. ఇప్పుడు టీచర్ గారికి అది చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు. బయటి డ్రైవర్ ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ మళ్లీ కంపైల్ అవ్వాలి. ఎప్పుడో ఒక అప్‌డేట్‌కి అది కుదరదు, మర్నాడు పొద్దున వైఫై గుర్తే ఉండదు. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే కాపలా) ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక. రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి మాక్ అనే తాళంచెవిని ఎన్‌రోల్ చేయమంటుంది. భయపడి కంటిన్యూ నొక్కేస్తే కెర్నల్ ఆ డ్రైవర్‌ని లోపలికి రానివ్వదు. పైగా లోపలి డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టకపోతే రెండూ కొట్టుకుంటాయి. ఆవిడకి సాయంత్రం క్లాసు ఉంది, ఇవన్నీ ఎవరు చూస్తారు?

కంచరపాలెం_కోడర్
సరే, కెర్నల్ 6.8 అన్నారు కాబట్టి ఒప్పుకుంటున్నా. ముందు లోపలి డ్రైవర్‌నే దారికి తెద్దాం. కుదరకపోతే నా మాట వినండి.

ఉక్కునగరం_పెద్దాయన
నేను ఉద్యోగమంతా ఇన్‌స్ట్రుమెంటేషన్‌లోనే చేశాను. అక్కడ మొదట నేర్పేది, ఏ ముక్క దగ్గర తెగుతోందో తేల్చకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దని. ఇక్కడ రెండు ముక్కలున్నాయి. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా ఒకటి, రూటర్ నుంచి బయట ప్రపంచానికి ఒకటి. మీరంతా ఒకటో ముక్కే అనుకుని మాట్లాడుతున్నారు. కావచ్చు, కానీ ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

అమ్మా, క్లాసు మొదలుపెట్టే ముందు రెండు టెర్మినల్ కిటికీలు తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. ఒకదాంట్లో పింగ్ (అవతలిది ఎంతసేపట్లో పలుకుతోందో చూసే ఆజ్ఞ) అని కొట్టి రూటర్ అడ్రస్ ఇవ్వండి. మామూలుగా 192.168.1.1 ఉంటుంది. కాకపోతే రూటర్ అడుగున స్టిక్కర్ మీద చూడండి. రెండో దాంట్లో పింగ్ కొట్టి 8.8.8.8 ఇవ్వండి, అది బయట ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్. రెండూ అలా నడుస్తూనే ఉంటాయి. క్లాసు ఆగిన క్షణంలో ఏ కిటికీ ఆగిందో చూడండి. రూటర్ కిటికీ సాఫీగా నడుస్తూ 8.8.8.8 ఒక్కటే ఆగితే అది ఫైబర్ వాళ్ల సంగతి, లైనక్స్‌ని ఎంత తిట్టినా లాభం లేదు. రెండూ ఆగితే మీ గదిలోనే వ్యవహారం. మధ్యలో ఆపాలంటే కంట్రోల్ పట్టుకుని సీ నొక్కండి, చివర్న ఎన్ని పోయాయో లెక్క కూడా చెప్తుంది.

లాసన్స్‌బే_కెరటం
నేవీ రాడార్ల వల్ల అంటారు కదా? మా వీధిలో అందరి రూటర్లూ అప్పుడప్పుడూ పడుకుంటాయి. కైలాసగిరి మీద వాతావరణ రాడార్ కూడా ఉంది.

మధురవాడ_మేడమీద
@లాసన్స్‌బే_కెరటం అది వేరే కథ. వైఫై వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో, 5లోని మధ్య ఛానళ్లు, అంటే 52 నుంచి 144 దాకా, రాడార్లతో పంచుకునేవి. వాటిని వాడే ముందు రూటర్ కనీసం నిమిషం పాటు చెవి పెట్టి వినాలి, వాడుతుండగా రాడార్ వినపడితే ఖాళీ చేసి వేరే ఛానల్‌కి పోవాలి. దీన్నే డీఎఫ్ఎస్ అంటారు. కైలాసగిరి రాడార్ ఎస్ బ్యాండ్, అది 5 గిగాహెర్ట్జ్ దగ్గరికే రాదు. ఏదేమైనా 36 గానీ 149 గానీ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. పైగా రాడార్ వల్లే అయితే టీచర్ గారి ఫోన్ కూడా ఆగాలి కదా.

లాసన్స్‌బే_కెరటం
ఓహో. అయితే మా ఇంట్లో 149 పెట్టి చూస్తా.

గాజువాక_టీచరమ్మ
@ఉక్కునగరం_పెద్దాయన మీరు చెప్పినట్టే చేశాను. రెండు కిటికీలూ ఒకేసారి ఆగిపోయాయి. అంతకుముందు రూటర్‌ది 3, 4 మిల్లీసెకన్లు చూపిస్తూ ఉండేది. ఉన్నట్టుండి 180 అయింది, తర్వాత 900 దాటింది, ఆ తర్వాత డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని వరసగా వచ్చాయి. పిల్లలకి కూడా చూపించాను. వాళ్లకి లెక్కల కంటే ఇదే నచ్చింది.

ఉక్కునగరం_పెద్దాయన
మంచి పని చేశారమ్మా. ఇక ఫైబర్ వాళ్లకి ఫోన్ చేయక్కర్లేదు. 3 నుంచి 180కి ఎగిరిందంటే కార్డు కునుకు తీస్తోందని నా అనుమానం. రూటర్ సుమారు ప్రతి 100 మిల్లీసెకన్లకీ ఒక బీకన్ పంపుతుంది. పవర్ సేవింగ్ ఆన్‌లో ఉంటే కార్డు బీకన్‌కీ బీకన్‌కీ మధ్య పడుకుని, లేచినప్పుడు "నాకేమైనా ఉన్నాయా" అని అడుగుతుంది. అంతదాకా రూటర్ మీ ప్యాకెట్లు దాచి ఉంచుతుంది. బ్యాటరీకి ఇది మంచిదే. కొన్ని కార్డు, రూటర్ జంటల్లో మాత్రం లేవడం ఆలస్యమై అంతా తారుమారవుతుంది.

ఆ సెట్టింగ్ ఎక్కడుంటుందో @పెందుర్తి_పెంగ్విన్ చెప్పు బాబూ, నాకంటే నీకే బాగా తెలుసు.

పెందుర్తి_పెంగ్విన్
ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్ అనే ఫోల్డర్, దాని లోపల కాన్ఫ్.డి. అందులో డీఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైలు ఉంటుంది. తెరిస్తే రెండే లైన్లు. రెండోది వైఫై.పవర్‌సేవ్ = 3. ఆ 3 తీసి 2 పెట్టి సేవ్ చేయండి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. ఫైలు మార్చడానికి ఆ ఫోల్డర్‌లో రైట్ క్లిక్ చేసి ఓపెన్ యాజ్ రూట్ అనండి, పాస్‌వర్డ్ అడుగుతుంది. తర్వాత మిషన్ రీస్టార్ట్ చేయండి.

ఇది ఒక్కటే మార్చి, ఒక క్లాసు చెప్పి చూడండి. ఇంకేమీ ముట్టుకోవద్దు. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

సీతమ్మధార_సిరి
నాకు ఇంకో రకం. నెట్‌వర్క్‌లు అసలు కనిపించనే కనిపించవు. వైఫై ఆన్ చేద్దామంటే బటన్ మసగ్గా ఉంటుంది. పక్కనే విండోస్ కూడా ఉంది, దాంట్లో బాగానే వస్తుంది.

మధురవాడ_మేడమీద
@సీతమ్మధార_సిరి టెర్మినల్లో ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి. సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్ ఆపింది, ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే తెరుచుకుంటుంది. హార్డ్ బ్లాక్ అంటే మీటో, ఎఫ్ఎన్ కీతో నొక్కే విమానం బొమ్మ బటనో ఆపింది.

రెండూ నో అని ఉంటే విండోస్‌ని అనుమానించండి. అందులో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది. షట్‌డౌన్ చేసినా మిషన్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. కార్డుని అదే స్థితిలో వదిలేస్తుంది, తర్వాత లైనక్స్ వచ్చి పిలిస్తే అది పలకదు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి దాని టిక్ తీసేయండి.

సీతమ్మధార_సిరి
ఫాస్ట్ స్టార్టప్పే!! టిక్ తీసి, షట్‌డౌన్ చేసి, లైనక్స్‌లోకి వచ్చా. నెట్‌వర్క్‌లన్నీ కనిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకుని తిరిగా. థాంక్యూ @మధురవాడ_మేడమీద, మీకు బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బాకీ.

మధురవాడ_మేడమీద
నిమ్మకాయ ఎక్కువ పిండించాలి మరి.

గాజువాక_టీచరమ్మ
పవర్‌సేవ్ 2 చేశాక క్లాసు మొత్తం ఒక్కసారి కూడా పూర్తిగా ఆగలేదు! పింగ్ 900 వైపు పోవడం లేదు. కానీ రాత్రి ఎనిమిది దాటాక గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తోందని పిల్లలు అంటున్నారు. అప్పుడు పింగ్ 40, 70, 25 ఇలా గెంతుతోంది. పగలు అలా లేదు.

మధురవాడ_మేడమీద
అపార్ట్‌మెంటేనా? అయితే రాత్రి ఎనిమిదికి అందరూ ఇంటికొచ్చి టీవీలు పెట్టుకునే వేళ అది. ఎన్ఎంసీఎల్ఐ డెవ్ వైఫై లిస్ట్ అని కొట్టండి. చుట్టుపక్కల రూటర్లన్నీ ఛానల్ నంబరుతో సహా వస్తాయి. మీ లైనుకి ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది.

గాజువాక_టీచరమ్మ
తెర నిండిపోయింది. నాది ఛానల్ 6. ఇంకో తొమ్మిది ఇళ్లవి కూడా 6లోనే ఉన్నాయి. కొన్ని 1, రెండు 11. ఒకటి 4, ఒకటి 9. ఒకాయన తన వైఫైకి "పాస్‌వర్డ్ అడగొద్దు" అని పేరు పెట్టుకున్నాడు.

సీతమ్మధార_సిరి
మా కింద ఇంటివాళ్లది "మీ వైఫై మీరు కొనుక్కోండి". వాళ్లిద్దరూ చుట్టాలేమో.

మధురవాడ_మేడమీద
తొమ్మిది ఇళ్లతో ఒకే ఛానల్‌ని పంచుకుంటున్నారన్నమాట. వైఫైలో ఒక ఛానల్ మీద ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగి వినాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానళ్లున్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. 4లో ఉన్నాయన 1 వాళ్లనీ 6 వాళ్లనీ ఇద్దరినీ ఇబ్బంది పెడుతున్నాడు, పాపం ఆయనకీ తెలిసి ఉండదు.

రూటర్ పేజీలోకి వెళ్లి 2.4ని 11కి మార్చి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లో ఉంచండి. అసలు మందు మాత్రం 5 గిగాహెర్ట్జ్. మన దగ్గర 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగాన్ని 2018లో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు, అందుకని అక్కడ చోటు ఎక్కువ. మీ 8821సీఈకి 5 కూడా వస్తుంది. రూటర్‌లో 5కి వేరే పేరు పెట్టండి, ల్యాప్‌టాప్‌ని దానికే కలపండి. ఛానల్ 36 పెట్టండి.

ఎంవీపీ_సెక్టార్6
5 గిగాహెర్ట్జ్ గోడ దాటదు. మా ఇంట్లో హాల్లో రూటర్, బెడ్‌రూమ్‌కి రాదు. అందరికీ 5 అని చెప్పేయకండి.

మధురవాడ_మేడమీద
@ఎంవీపీ_సెక్టార్6 నిజమే. గోడలు దాటడంలో 5 వెనకబడుతుంది. టీచర్ గారి రూటర్ ఎక్కడుందో చెప్తే తెలుస్తుంది.

గాజువాక_టీచరమ్మ
హాల్లో టీవీ వెనక ఉంది. నేను కూర్చునేది పక్క గది, తలుపు తీసే ఉంటుంది.

ఉక్కునగరం_పెద్దాయన
టీవీ వెనక నుంచి తీసేయండమ్మా. పెద్ద టీవీ లోపల లోహపు పలక ఉంటుంది, సిగ్నల్‌కి అదొక అడ్డుగోడ. షెల్ఫ్ పైన, తలుపు వైపు కనపడేట్టు పెట్టండి. ఫ్రిజ్ పక్కన, ఇనప బీరువా పక్కన వద్దు.

డాబాగార్డెన్స్_రిపేర్
ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఏమైనా పెడుతున్నారా మేడమ్? యూఎస్‌బీ 3 డిస్క్, దాని కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద పేపర్ వేశారు. షాపుకి "వైఫై పోయింది" అని తెస్తారు, డిస్క్ తీస్తే వైఫై వచ్చేస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా 2.4లోనే తిరుగుతాయి.

గాజువాక_టీచరమ్మ
పెడతాను! పాత క్లాసుల రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి. కుడివైపు పోర్టులో, పొట్టి కేబుల్‌తో.

డాబాగార్డెన్స్_రిపేర్
ఎడమవైపుకి మార్చి, కాస్త పొడుగు కేబుల్ పెట్టి దూరంగా ఉంచండి. క్లాసులో అవసరం లేకపోతే పీకేయండి.

ఇంకో మాట. మన ఊళ్లో ఉప్పుగాలికి లోపల కార్డు బంగారు పళ్ల మీద పొర పడుతుంది, ముఖ్యంగా సముద్రం ఎదురుగా ఉన్న ఇళ్లలో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెడితే బాగుపడ్డవి చాలా చూశాను. గాజువాక కాస్త లోపలికి కాబట్టి మీకు రాకపోవచ్చు, @లాసన్స్‌బే_కెరటం మీరు మాత్రం చూపించుకోండి.

భీమిలి_అలజడి
ఈ టాపిక్‌లోనే అడిగేస్తున్నా. నాది ఇంకా పాత మిషన్, బ్రాడ్‌కామ్ బీసీఎం43142. ఇంకో రకం లైనక్స్, డెబియన్ 12 వేశా. వైఫై అన్నదే లేదు. 2023లో వచ్చిన ఈ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ (చిప్ లోపలికి ఎక్కే చిన్న సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారని చదివా, మరి నాకెందుకు రాలేదు?

పెందుర్తి_పెంగ్విన్
@భీమిలి_అలజడి ఫర్మ్‌వేర్ ఇస్తున్నారు, నిజమే. మీ చిప్‌కి కావాల్సింది ఫర్మ్‌వేర్ కాదు, మొత్తం డ్రైవరే. అది డెబియన్‌లో నాన్-ఫ్రీ అనే విభాగంలో బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ పేరుతో ఉంటుంది, ఇన్‌స్టాలర్‌తో రాదు. సోర్స్ లిస్టులో నాన్-ఫ్రీ కలుపుకుని, కెర్నల్ హెడర్లతో పాటు వేసుకోండి. నెట్ ఎలా అంటారా? ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్‌కి అది మామూలు వైరు నెట్‌లాగే కనిపిస్తుంది, ఏ డ్రైవరూ అక్కర్లేదు. మింట్ వాళ్లకైతే డ్రైవర్ మేనేజర్‌లో ఒక నొక్కుతో వచ్చేస్తుంది.

భీమిలి_అలజడి
టెథరింగ్ సంగతి తెలియక పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ప్యాకేజీ మోస్తున్నా. ఇప్పుడే చేస్తా.

హాస్టల్_కుర్రాడు
మా కాలేజీ వైఫైకి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ ఇవ్వాలి. ఉబుంటు లైనక్స్ 22.04లో ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది. ఫోన్‌లో అదే పాస్‌వర్డ్‌తో కలుస్తుంది. సెమిస్టర్ ప్రాజెక్ట్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

పెందుర్తి_పెంగ్విన్
@హాస్టల్_కుర్రాడు 22.04తో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 అనే భద్రతా సాఫ్ట్‌వేర్ వచ్చింది. పాత పద్ధతిలో మాట్లాడే కాలేజీ సర్వర్లని అది ఒప్పుకోదు, చాలామందికి అక్కడే తెగింది. తర్వాత వైఫైకి లాగిన్ చేసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రాముకి అప్‌డేట్ ఇచ్చారు. ఫోన్ టెథరింగ్ పెట్టి మొత్తం అప్‌డేట్ చెయ్యి తమ్ముడూ. తర్వాత సెక్యూరిటీలో ఎంటర్‌ప్రైజ్, ఆథెంటికేషన్ పీఈఏపీ, లోపల ఎంఎస్‌చాప్‌వీ2. సీఏ సర్టిఫికెట్ (అసలు సర్వర్ అదేనని రుజువు చేసే ఫైలు) మీ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో అడిగి తీసుకో. "సర్టిఫికెట్ అవసరం లేదు" అని టిక్ పెట్టినా కలుస్తుంది. కానీ అదే పేరుతో ఎవడైనా దొంగ రూటర్ పెడితే నీ పాస్‌వర్డ్ వాడి చేతిలో పడే దారి ఉంది.

హాస్టల్_కుర్రాడు
అప్‌డేట్ చేశాక కలిసింది అన్నా. సర్టిఫికెట్ రేపు వెళ్లి అడుగుతా.

గాజువాక_టీచరమ్మ
రూటర్ షెల్ఫ్ పైకి ఎక్కించాను, 5కి వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్‌ని దానికి కలిపాను, డిస్క్ తీసేశాను. రాత్రి క్లాసులో పింగ్ 3, 4 దాటలేదు. గొంతు బాగుందని పిల్లలే చెప్పారు.

ఇంకొక్కటి మిగిలింది. మూత వేసి కాసేపయ్యాక తెరిస్తే ఒక్కోసారి వైఫై రాదు, రీస్టార్ట్ చేయాల్సి వస్తోంది.

కంచరపాలెం_కోడర్
ఇది నేను చెప్తా, మా దగ్గరా ఇదే చిప్. రీస్టార్ట్ అక్కర్లేదు. సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ అని కొట్టి, తర్వాత అదే -ఆర్ లేకుండా కొట్టండి. డ్రైవర్ ఒకసారి దిగి మళ్లీ ఎక్కుతుంది, వైఫై వస్తుంది.

అసలు రాకుండా ఉండాలంటే ఈటీసీలో మోడ్‌ప్రోబ్.డి అనే ఫోల్డర్‌లో వైఫై.కాన్ఫ్ అని ఒక ఫైలు చేసి రెండు లైన్లు రాయండి. ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిజేబుల్_ఏఎస్‌పీఎం=వై అని ఒకటి. ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_కోర్ డిజేబుల్_ఎల్‌పీఎస్_డీప్=వై అని రెండోది. ఇక్కడ తెలుగులో రాశాను గానీ, టైపు చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. మొదటిది మదర్‌బోర్డుకీ కార్డుకీ మధ్య ఉన్న లింకుని నిద్రపోనివ్వదు, రెండోది కార్డుని గాఢనిద్రలోకి వెళ్లనివ్వదు. బ్యాటరీ కొంచెం తగ్గొచ్చు.

పెందుర్తి_పెంగ్విన్
@కంచరపాలెం_కోడర్ ఇది సరిగ్గా చెప్పావు. ముందు మొదటి లైను ఒక్కటే పెట్టి చూడమనేవాణ్ణి, అంతే.

గోపాలపట్నం_గూడ్స్
మీ అందరూ ల్యాప్‌టాప్ చుట్టూనే తిరుగుతున్నారు. మా వైపు కరెంటు ఇలా పోయి అలా వస్తుంది. రూటర్ రీస్టార్ట్ అయి నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు. దానికి రూటర్‌కని చిన్న 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టాక మా ఇంట్లో మీటింగులు ఆగడం మానేశాయి. కొనేముందు మీ రూటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. ఫైబర్ డబ్బా, రూటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ ఇవ్వాలి, లేకపోతే ఉపయోగం లేదు.

ఎంవీపీ_సెక్టార్6
ఇంత చర్చ జరిగాక నేనూ ఒకటి అంటా. పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉన్న రోజు కేబుల్ పెట్టేయండి. పోర్టు లేకపోతే యూఎస్‌బీ టు లాన్ అడాప్టర్ పెట్టండి. కేబుల్‌కి ఛానల్ గొడవ లేదు.

ఉక్కునగరం_పెద్దాయన
@ఎంవీపీ_సెక్టార్6 నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కదలకుండా ఒకచోట కూర్చుని చేసే పనికి వైరుని మించింది లేదు.

కంచరపాలెం_కోడర్
ఇప్పుడు కార్డు సంగతి. మా తమ్ముడిది ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్. ఏఎక్స్211 ఆర్డర్ పెట్టాడు, 210 కంటే నంబరు పెద్దది కదా, కొత్తది అనుకున్నాడు. ఇంకా ప్యాకెట్ విప్పలేదు. పెట్టమనాలా?

డాబాగార్డెన్స్_రిపేర్
విప్పొద్దు! తిరిగి పంపించేయమనండి. 201, 211 సీఎన్‌వీఐ రకం. వైఫై పనిలో సగం ప్రాసెసర్ వైపే జరుగుతుంది, కార్డులో ఉండేది మిగతా సగం. దాన్ని ఒప్పుకునే ఇంటెల్ మిషన్లలోనే పని చేస్తాయి. రైజెన్‌లో పెడితే అసలు కనిపించదు. 200, 210 మామూలు పీసీఐఈ కార్డులు, ఏఎండీలోనూ పని చేస్తాయి. 210కి కెర్నల్ 5.10 గానీ ఆ పైది గానీ ఉండాలి.

మూత తీశాక యాంటెన్నా వైర్లు ఎన్నున్నాయో కూడా చూడమనండి, నల్లది, తెల్లది అని సన్నగా ఉంటాయి. 8821సీఈ లాంటి ఒంటి యాంటెన్నా కార్డుతో వచ్చిన మిషన్లలో కొన్నిటికి ఒక్క వైరే వేసి పంపుతారు. రెండు యాంటెన్నాల కార్డుకి ఒక్కటే తగిలిస్తే సగం బలమే వస్తుంది. బాగా పాత మిషన్లలో కొన్నిటికి బయోస్‌లోనే (మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) తెలిసిన కార్డుల జాబితా ఉంటుంది, వేరేది పెడితే ఆన్ కూడా అవ్వవు. ఆ గుండ్రటి కనెక్టర్ని స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా గోటితో తిన్నగా పైకి లేపి తీయాలి. పక్కకి లాగితే విరిగిపోతుంది.

కంచరపాలెం_కోడర్
ఫోన్ చేసి ఆపేశా. వైర్లు రెండున్నాయట. రిటర్న్ పెట్టి ఏఎక్స్210 చూస్తానన్నాడు.

గాజువాక_టీచరమ్మ
మొదటి లైను ఒక్కటే పెట్టాను. మూత ఎన్నిసార్లు వేసి తీసినా వైఫై వస్తోంది. రెండో లైను ఇప్పటికి పెట్టడం లేదు. ఏయే ఫైల్లో ఏం మార్చానో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను, ఫొటో తీసి మేనల్లుడికి కూడా పంపాను. @గోపాలపట్నం_గూడ్స్ మా అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్ అని ఉంది. దానికి సరిపోయే యూపీఎస్ ద్వారకానగర్‌లో దొరుకుతుందా?

గోపాలపట్నం_గూడ్స్
దొరుకుతుందండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లది అడగండి. అడాప్టర్ పిన్ను వెంట తీసుకెళ్లండి, లావు సన్నం తేడా ఉంటాయి.